క్రూడ్ దిగినా బంకులో ధర ఎందుకు దిగదు?

సింగరాయకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. అతనికి రెండు లారీలున్నాయి, చీమకుర్తి గ్రానైట్ బ్లాకులు చెన్నై పోర్టుకి వేస్తాడు. "2008లో క్రూడ్ (ముడి చమురు) బ్యారెల్ 147 డాలర్లున్నప్పుడు పెట్రోలు యాభై చిల్లరే. 2025లో 70కి దిగినా పెట్రోలు 109, డీజిల్ 97. మధ్యలో ఎవరు తింటున్నారు? రామాయపట్నంలో రిఫైనరీ వస్తే మనకేమన్నా తగ్గుద్దా? క్వారీ వాళ్లు ఏడాది మొత్తానికి ఒకే బాడుగ రాసుకుందాం అంటున్నారు, ఒప్పుకోనా?"

ఒంగోలు పక్కన హైవే మీద మా కుటుంబానికి బంకు ఉంది. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఈ లెక్క చాలామంది లారీ వాళ్లకి, రైతులకి విడమరిచి చెబుతూ వచ్చాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఓపిగ్గా చదువు తమ్ముడూ, నీ బాడుగ సంగతి చివర్లో వస్తుంది.

ముందు డాలర్లు పక్కన పెట్టు. మనం బంకులో కట్టేది రూపాయలు, కొనేది లీటర్లు. బ్యారెల్ అంటే 159 లీటర్లు. 2008 జూలైలో క్రూడ్ 147 డాలర్లకి ఎక్కినప్పుడు డాలరు 43 రూపాయల దగ్గర ఉంది. 147ని 43తో గుణించి 159తో భాగిస్తే లీటరు క్రూడ్ 39 రూపాయల 75 పైసలు. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. ఆ 90 మీద, నువ్వు చెప్పిన 70 డాలర్లకి లెక్కగట్టు: లీటరు 39 రూపాయల 62 పైసలు. తేడా పదమూడు పైసలు! అమెరికా వాడి లెక్కలో క్రూడ్ సగానికి సగం దిగింది. మన లెక్కలో ఎక్కడిది అక్కడే ఉంది. మన దేశం వాడే క్రూడ్‌లో 85 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకునేదే కాబట్టి, రూపాయి బలహీనపడ్డ ప్రతిసారీ ఆ భారం నేరుగా ట్యాంకులోకే వస్తుంది. డాలరు 90 ఉన్నప్పుడు బ్యారెల్ ఒక డాలరు పెరిగితే లీటరుకి 57 పైసలు. బ్యారెల్ 70 ఉన్నప్పుడు డాలరు ఒక రూపాయి పెరిగితే లీటరుకి 44 పైసలు. ఈ రెండు అంకెలు ఫోనులో రాసి పెట్టుకో. టీవీలో ఎవరేం అరిచినా నీ లెక్క నువ్వే వేసుకోగలవు.

మరి 2008లో లీటరు క్రూడే నలభై రూపాయలైతే, శుద్ధి చేసి, రవాణా చేసి, పన్నులు కూడా కట్టిన పెట్రోలు యాభైకి ఎలా అమ్మారు? నష్టానికి అమ్మారు. అప్పట్లో ధర ప్రభుత్వం నిర్ణయించేది. ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు అసలు ధర కంటే తక్కువకి అమ్మితే 2008-09 ఒక్క ఏడాదిలో లక్ష కోట్ల రూపాయల పైన తేలింది ఆ లోటు. కొంత ప్రభుత్వం ఆయిల్ బాండ్లు ఇచ్చి, అంటే ముందు ముందు కడతానని రాసిచ్చి, సర్దింది. ఆ సాయం ప్రైవేటు వాళ్లకి అందక రిలయన్స్ ఆ ఏడాదే తన బంకులన్నీ మూసేసుకుంది. కాబట్టి 2008 నాటి యాభై రూపాయలు నిజమైన ధర కాదు తమ్ముడూ. బంకులో కట్టని మిగతా సొమ్ము జనం పన్నుల రూపంలో తర్వాత కట్టారు. పెట్రోలు ధర మీద ప్రభుత్వ అదుపు 2010 జూన్‌లో, డీజిల్ మీద 2014 అక్టోబరులో తీసేశారు. 2017 జూన్ 16 నుంచి రోజూ పొద్దున ఆరింటికి ధర మారే పద్ధతి వచ్చింది.

ఇక క్రూడ్ అసలెందుకు పెరుగుతుంది? ప్రపంచం రోజుకి పది కోట్ల బ్యారెళ్ల పైన వాడుతుంది. ఇందులో ఒకటి రెండు శాతం సరుకు తగ్గిందంటే ధర ఒకటి రెండు శాతం పెరిగి ఆగదు, ఇరవై ముప్పై శాతం కూడా ఎగరొచ్చు. కారణం మన దగ్గరే కనబడుతుంది. డీజిల్ రెండు రూపాయలు పెరిగిందని నువ్వు లారీ ఆపవు. వరికోత మిషన్ ఆగదు. రొయ్యల గుంట మీద రాత్రి కరెంటు పోతే, డీజిల్ ఎంతున్నా జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పాల్సిందే. లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. వాడకం తగ్గించలేని సరుకు కాబట్టి, కొద్ది కొరత వచ్చినా ఎంతైనా ఇచ్చి కొనేవాళ్లే ఎక్కువమంది.

ఆ కొరత కొన్నిసార్లు కావాలని తెచ్చేదే. ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ, వెనిజులా కలిసి 1960లో బాగ్దాద్‌లో ఒపెక్ అనే ఆయిల్ ఎగుమతి దేశాల కూటమి పెట్టుకున్నాయి. 1973 అక్టోబరులో ఇజ్రాయెల్ యుద్ధం సమయంలో అరబ్ దేశాలు ఎగుమతి ఆపితే, బ్యారెల్ మూడు డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే పన్నెండుకి పోయింది. 2016 నుంచి రష్యా లాంటివి కూడా కలిసి ఒపెక్ ప్లస్ అయ్యాయి. 2022 అక్టోబరులో వాళ్లు రోజుకి 20 లక్షల బ్యారెళ్లు కోత పెడతామని ప్రకటించారు. బావుల్లో ఆయిల్ ఉండి కూడా తియ్యకపోవడం వాళ్ల చేతిలోని పని.

రెండోది యుద్ధ భయం. ఇరాన్‌కీ ఒమన్‌కీ మధ్య హోర్ముజ్ జలసంధి ఉంది. ప్రపంచం వాడే ఆయిల్‌లో దాదాపు అయిదో వంతు ఆ ఇరుకు దారిలోంచే వస్తుంది. అక్కడ ఒక్క ఓడకి దెబ్బ తగిలినా ఇన్సూరెన్స్, ఓడ బాడుగ ఆ రోజే పెరుగుతాయి. సరుకు ఆగకముందే, ఆగుతుందేమోనన్న అనుమానం చాలు, ధర ఎక్కుతుంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకి పోయింది. రెండు వారాలు తిరక్కముందే బ్రెంట్ క్రూడ్, అంటే ప్రపంచం ధరకి కొలమానంగా చూసే రకం, 139 డాలర్లని తాకింది.

మూడో సంగతి వార్తల్లో తక్కువ వస్తుంది కానీ డీజిల్ వాడే నీకు ముఖ్యం. మనం క్రూడ్ పోసుకోం, డీజిల్ పోసుకుంటాం. రిఫైనరీలు చాలకపోతే క్రూడ్ కదలకపోయినా డీజిల్ ఎక్కుతుంది. 2022 ఎండాకాలంలో అదే అయింది. ఆసియా మార్కెట్లో క్రూడ్‌కీ డీజిల్‌కీ మధ్య తేడా మామూలుగా పదీ ఇరవై డాలర్లుండేది, ఆ రోజుల్లో బ్యారెల్‌కి యాభై దాటింది. మన ఆయిల్ కంపెనీలు రిఫైనరీ దగ్గర కట్టే ధర, ఆ రిఫైనరీకి ఆ రోజు పడ్డ ఖర్చును బట్టి ఉండదు. 2006లో ప్రభుత్వం వేసిన రంగరాజన్ కమిటీ చెప్పిన పద్ధతి ప్రకారం, అదే డీజిల్ బయటినుంచి దిగుమతి చేసుకుంటే ఎంతవుతుంది, మనం ఎగుమతి చేస్తే ఎంతొస్తుంది అన్న రెండూ 80కి 20 పాళ్లలో కలిపి కట్టే ధర అది.

ఇక్కడే రామాయపట్నం ప్రశ్నకి జవాబు ఉంది. అక్కడ ప్రభుత్వ ఆయిల్ కంపెనీ బీపీసీఎల్ పెట్టదలిచిన రిఫైనరీ వచ్చిందనుకుందాం. ఉద్యోగాలొస్తాయి, లారీలకి పని దొరుకుతుంది, చుట్టుపక్కల భూముల ధర ఎక్కుతుంది. పెట్రోలు మాత్రం చౌక కాదు. రిఫైనరీ మన ఊళ్లో ఉన్నా ధర అంతర్జాతీయ మార్కెట్‌దే. మహా అయితే ఆయిల్ కంపెనీ డిపో నుంచి బంకు దాకా వచ్చే ట్యాంకర్ బాడుగ కొంచెం తగ్గి, లీటరుకి పైసల్లో తేడా రావచ్చు. రష్యా క్రూడ్ విషయం కూడా ఇంతే. 2022 ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా వాటా ఆ తర్వాత మూడో వంతు దాటింది, అదీ డిస్కౌంటు మీద. ఆ లాభం రిఫైనరీలకి మిగిలిందే కానీ బంకు దాకా రాలేదు. పెట్రోలులో ఇథనాల్ కలిపితే ధర తగ్గుతుందని ఆశపడ్డవాళ్లూ ఉన్నారు. 2024-25లో మొక్కజొన్న ఇథనాల్‌కి ఆయిల్ కంపెనీలు కట్టింది లీటరుకి 71 రూపాయల 86 పైసలు. పన్నులు లేని పెట్రోలు కంటే అది ఎక్కువే. రైతుకి మంచిది, మన జేబుకి కాదు.

ఇక అందరికీ మంట పుట్టించే పన్నుల దగ్గరికి వద్దాం. 2025 నాటి ధర విడగొట్టి చూపిస్తా, పైసలు వదిలేసి. ట్యాంకర్ బాడుగతో కలిపి మా బంకుకి చేరే పెట్రోలు ధర 53 చిల్లర. కేంద్రం ఎక్సైజ్ సుంకం 21 రూపాయల 90 పైసలు. బంకు కమీషన్ 4 చిల్లర. ఇవన్నీ కలిపితే 79న్నర. ఈ మొత్తం మీద మన రాష్ట్రం వ్యాట్ 31 శాతం, అంటే 24న్నర పైన. దానికి తోడు అదనపు వ్యాట్ లీటరుకి 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఒక రూపాయి. అన్నీ వేస్తే 109. డీజిల్ కూడా ఇదే వరస: ఎక్సైజ్ 17 రూపాయల 80 పైసలు, వ్యాట్ ఇరవై రెండుంపావు శాతం, ఆ 4, ఆ 1. పెట్రోలు మీద నువ్వు కట్టే నూటతొమ్మిదిలో యాభై దాటి పన్నే.

ఇందులో రెండు సంగతులు గమనించు. మొదటిది, వ్యాట్ శాతాల్లో ఉంది కాబట్టి కేంద్రం పన్ను మీద కూడా పన్ను పడుతుంది. అసలు ధర ఒక రూపాయి పెరిగితే మన బంకులో పెట్రోలు రూపాయి ముప్పై ఒక్క పైసలు, డీజిల్ రూపాయి ఇరవై రెండు పైసలు పెరుగుతుంది. క్రూడ్ పెరిగిన ప్రతిసారీ రాష్ట్రానికి కష్టపడకుండానే ఆదాయం పెరుగుతుంది. రెండోది, కేంద్రం తీసుకునే 21.90లో బేసిక్ ఎక్సైజ్ 1 రూపాయి 40 పైసలే. మిగతాదంతా స్పెషల్ సుంకం, వ్యవసాయ సెస్సు, రోడ్ల సెస్సు పేరున వసూలవుతుంది. రాష్ట్రాలకి వాటా ఇవ్వాల్సింది ఆ రూపాయి నలభైలోంచే. అందుకే మీరు తగ్గించండంటే మీరు తగ్గించండని ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. నా మటుకు నాకు ఇద్దరి తప్పూ ఉంది. అయితే పంచుకోనక్కర్లేని సెస్సులు పెంచుకుంటూ పోయిన కేంద్రానిది పెద్దది.

ఎవరు తింటున్నారని అడిగావు కదా. ధర దిగిన రోజుల్లో చూస్తే తెలుస్తుంది. 2014 జూన్‌లో క్రూడ్ 115 డాలర్లు. అమెరికాలో షేల్ ఆయిల్ (రాతి పొరలు పగలగొట్టి తీసేది) పొంగింది, ఆ నవంబరులో ఒపెక్ కోత పెట్టనంది. 2016 జనవరికి బ్యారెల్ 30 కిందకి జారింది. ఆ 2014 నవంబరు, 2016 జనవరి మధ్యలో కేంద్రం తొమ్మిది సార్లు ఎక్సైజ్ పెంచింది: పెట్రోలు మీద 11 రూపాయల 77 పైసలు, డీజిల్ మీద 13 రూపాయల 47 పైసలు. 2020లో కరోనాతో బళ్లన్నీ ఆగిపోయి, ఏప్రిల్ 20న అమెరికాలో క్రూడ్ ఫ్యూచర్స్ ధర (ముందు ముందు తీసుకునే సరుక్కి ఇప్పుడే కుదుర్చుకునే ధర) సున్నా కిందకి, మైనస్ 37 డాలర్లకి పోయింది. నిల్వ చేసుకునే చోటు లేక, సరుకు తీసుకుపోతే ఎదురు డబ్బిస్తామన్న పరిస్థితి. రెండు వారాలకే, మే మొదటి వారంలో, ఇక్కడ పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయల సుంకం పెరిగింది. బంకులో ధర పైసా దిగలేదు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ క్రూడ్ జారితే సుంకం రెండు రూపాయలు పెంచారు. క్రూడ్ ఎక్కితే ఆ ఎక్కుడు మన దాకా వస్తుంది, దిగితే ఆ దిగుడు దారిలోనే ఆగుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. పెరుగుదల మోసినవాడికి తరుగుదలలో వాటా ఉండాలి.

తగ్గించలేదని అనను. 2021 నవంబరు 4న పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 తగ్గించారు. 2022 మే 22న 8, 6 తగ్గించారు. 2021లో దీపావళి ముందు రాత్రి ఆ ప్రకటన వచ్చింది. డీజిల్ మీద పది రూపాయల ఎక్సైజ్ పోతే, దాని మీది వ్యాట్ కూడా పోయి మన దగ్గర పన్నెండు రూపాయలు దిగింది. పండక్కని ముందురోజే ఇరవై వేల లీటర్ల ట్యాంకర్ దించుకున్న డీలరుకి తెల్లారేసరికి రెండు లక్షల నలభై వేలు పోయినట్టే, ఎందుకంటే ఆ సరుక్కి పాత ధర మీద ముందే డబ్బు కట్టి ఉంటాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, బంకు వాడు ధర పెంచి దోచుకుంటున్నాడని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ధర మా చేతిలో లేదు. 2017 తర్వాత ఏడేళ్లు కదలని కమీషన్ 2024 అక్టోబరు చివర్లో పెంచారు. అందులోంచే కరెంటు, జీతాలు, ఆవిరై పోయే పెట్రోలు అన్నీ.

కంపెనీల సంగతి కూడా చెప్పాలి. రోజూ ధర మారుతుందన్నది కాగితం మీద. 2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 21 దాకా, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు జరిగిన కాలమంతా, క్రూడ్ ఎక్కుతున్నా ధర కదల్లేదు. మార్చి 22న మొదలుపెట్టి ఏప్రిల్ 6 కల్లా దాదాపు రోజూ, ఎక్కువసార్లు 80 పైసల చొప్పున, మొత్తం పది రూపాయలు పెంచారు. ఆ తర్వాత కంపెనీలు నష్టానికే అమ్మాయి, అది నిజం. క్రూడ్ దిగాక మాత్రం ఆ నష్టం పూడ్చుకోవడమే కాదు, 2023-24లో ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్ మూడింటికీ కలిపి దాదాపు 81 వేల కోట్ల లాభం వచ్చింది. లోక్‌సభ ఎన్నికల ముందు, 2024 మార్చి 15న, తగ్గించింది రెండు రూపాయలు.

నువ్వు ప్రతి ట్రిప్పుకీ తడ దాటి తమిళనాడులోకి పోతావు కాబట్టి ఇది నీకు తెలిసే ఉంటుంది. ఆరంబాక్కం దగ్గర డీజిల్ మన కంటే నాలుగైదు రూపాయలు తక్కువ, పెట్రోలు ఎనిమిది రూపాయలకి పైన తక్కువ. క్రూడ్ ఒకటే, ఎక్సైజ్ ఒకటే, తేడా మొత్తం రాష్ట్రాల పన్నుదే. తమిళనాడు 2021 ఆగస్టులో పెట్రోలు మీద మూడు రూపాయలు తగ్గించింది కూడా. మూడొందల లీటర్ల ట్యాంకు అటువైపు నింపుకుంటే నీకు పన్నెండొందలు పైన మిగులుతుంది. నింపుకో, తప్పులేదు. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు బంకులు మాత్రం హైవే లారీ గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్నాయి. ఆ లీటర్ల మీద మన రాష్ట్రానికి వ్యాట్ కూడా రాదు. శాతం తగ్గిస్తే అమ్మకం పెరిగి ఆ లోటు కొంతైనా పూడుతుందని డీలర్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

నీకంటే ఎక్కువ నలిగేది మన తీరంలో బోటు వాళ్లు. కొత్తపట్నం నుంచి జువ్వలదిన్నె దాకా ఎవరిని అడిగినా వేట ఖర్చులో మొదట చెప్పేది డీజిలే. వాళ్లకిచ్చే సబ్సిడీ 2019లో లీటరుకి 6 రూపాయల 3 పైసల నుంచి 9కి పెంచారు. అప్పుడు డీజిల్ 70 రూపాయల దగ్గరుంది. తర్వాత ధర 97కి పోయింది. పన్నేమో శాతాల్లో, సబ్సిడీ ఏమో రూపాయల్లో. ధరతో పాటు పన్ను పెరుగుతుంది, సాయం అక్కడే నిలబడుతుంది. సబ్సిడీని కూడా శాతంగా మార్చాలని నా గట్టి అభిప్రాయం.

జీఎస్టీలోకి తెస్తే? 2017లో పెట్రోలు, డీజిల్‌ని జీఎస్టీ బయటే ఉంచారు. దాని వల్ల నీకు ఇంకో నష్టం ఉంది. టైర్లకీ స్పేర్ పార్టులకీ కట్టిన జీఎస్టీని కొందరు ట్రాన్స్‌పోర్టర్లు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోగలరు. అన్నిటికంటే పెద్ద ఖర్చయిన డీజిల్ మీద కట్టిన పన్నుకి మాత్రం ఎవరికీ క్రెడిట్ రాదు. కేంద్రానికీ రాష్ట్రాలకీ ఇంత రాబడి ఇచ్చే సరుకుని దగ్గర్లో జీఎస్టీలోకి పంపుతారని నేననుకోను. ఆ ఆశ మీద లారీ ఫైనాన్సు తీసుకోవద్దు.

ఇప్పుడు నీ బాడుగ. ఏడాదికి ఒకే రేటుకి సంతకం పెట్టొద్దు. చీమకుర్తి నుంచి చెన్నై పోర్టుకి పోనూ రానూ ఆరొందల ఇరవై కిలోమీటర్లు వేసుకో. పోనూ రానూ కలిపి సగటున లీటరుకి నాలుగు కిలోమీటర్లు పడితే ట్రిప్పుకి 155 లీటర్లు. డీజిల్ ఒక రూపాయి పెరిగితే నీ ట్రిప్పులో 155 రూపాయలు పోతాయి. 2022 మార్చిలో లాగా పక్షం రోజుల్లో పది రూపాయలు పెరిగితే 1,550. రెండు లారీలు నెలకి చెరో పది ట్రిప్పులు కొడితే నెలకి ముప్పై ఒక్క వేలు. ఒక లారీ కంతులో సగం ఎగిరిపోతుంది.

క్వారీ వాళ్లతో ఇలా రాయించుకో. సంతకం రోజున ఒంగోలులో ఒక ఫలానా బంకులో డీజిల్ ధర ఎంతో కాగితం మీద రాయాలి. ఆ ధర రూపాయి మారితే, 25 టన్నుల లోడు లెక్కన టన్నుకి 6 రూపాయల 20 పైసలు బాడుగ మారాలి, పెరిగినా తగ్గినా. తగ్గినప్పుడు నువ్వూ తగ్గించాలన్నది తప్పకుండా రాయి, అప్పుడే వాళ్లు ఒప్పుకుంటారు. నెలకొకసారి, ఒకటో తారీఖు ధరని బట్టి సవరించుకుంటే రోజూ పేచీ ఉండదు. తమిళనాడు బంకు ధర రాయొద్దు, అక్కడ నింపుకున్నందుకు మిగిలేది నీ లాభంగానే ఉండనీ. నా లెక్కలో మైలేజీ నీ బండికి సరిపోకపోతే, ఫుల్ ట్యాంకు కొట్టించి రెండు ట్రిప్పులు చూసి ఆ 155ని మార్చుకో. వాళ్లు క్లాజుకి అసలు ఒప్పుకోకపోతే, మూడు నెలలకి మించి ఒకే రేటుకి ఒప్పుకోకు.